రాగిణి ముడి వేసిన రంగు

ఉప్పలయ్య ఫోన్ వచ్చేసరికి రాగిణి చిక్కడపల్లి మార్కెట్లో టమాటాల బండి ముందు నిలబడి ఉంది. పండినవి ఏవో, పచ్చివి ఏవో కంటికి తేలక ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూస్తోంది. "అక్కా, గట్ల పిసుకుతె నేనెట్ల అమ్ముకోవాలె?" అని బండి మాసమ్మ అప్పటికే రెండుసార్లు విసుక్కుంది.

"చెల్లె, పట్నంల మంచి కండ్ల డాక్టర్ ఎవరన్న ఉన్నరా?" అన్నాడు ఉప్పలయ్య. బాగున్నావా అని కూడా అడగలేదు.

రాగిణి తెలిసిపోయింది అనుకుంది. కట్టుకున్నవాడికీ కన్నకూతురికీ తెలియకుండా ఏడాదిన్నరగా దాచుకున్నది, ఎక్కడో పోచంపల్లి పక్క పల్లెలో మగ్గం ముందు కూర్చునే మనిషికి తెలిసిపోయింది. సంచీ బండి మీదే వదిలేసి పక్కకు వచ్చింది.

"ఎవరికి అన్నా?" అంది.

"నాకే. నా కండ్లు ఖరాబైనయి చెల్లె. పోయిన నెల చింతాకు పచ్చకని మూడు నూలు చిలపలు పంపిన కదా. అండ్ల ఒకటి చెడిపోయింది, ఇటుక పొడి లెక్క వచ్చింది. తీసి పారేద్దమనుకుంటనే కట్టల పెట్టిన. నువ్వు గిదే ఖాయమని దానికే ముడేసి పంపినవు. నువ్వేసినంక నేనెవన్ని కాదనడానికి? పడుగంత అదే రంగుల ముంచిన. మగ్గమెక్కినంక చూస్తె నాకింక ఇటుక పొడే కనబడుతున్నది. గిట్ల గిది మూడోసారి. నువ్వు పచ్చ అంటవు, నాకు ఎర్రమన్ను కొడ్తది."

"ఇంట్లో ఎవరికైనా చూపించినవా?"

"నోరు రాలే. అద్దకమోనికి కండ్లు పోయినయంటె ఇంకేముంటది చెల్లె? సోమారం నాడు గిన్నెలు, రంగు డబ్బాలు అన్ని అల్లునికి అప్పజెప్పుతున్న. ఆఖరిసారి డాక్టర్‌కు సుత చూపించుకుందమని."

చెప్పాల్సిన మాట రాగిణి గొంతుదాకా వచ్చింది. అన్నా, పోయినవి నీ కళ్లు కావు, నావి. ఇంతే, నాలుగు మాటలు. అవి రాలేదు. "రేపు పొద్దున రా అన్నా, నారాయణగూడలో చూపిద్దాం" అన్న మాట వచ్చింది.

ఇక్కడ ఆమెను తిట్టాలనిపిస్తే తిట్టండి, నాకూ అనిపించింది. కానీ ఆ కళ్లు ఆమెకు ఏమిటో తెలియకుండా తిట్టడం కూడా అన్యాయమే.

చిక్కడపల్లిలో లైబ్రరీకి వెళ్లే దారిలో ఆమె తండ్రి రాజేశానికి మ్యాచింగ్ సెంటర్ ఉండేది. లోపలికి పదడుగులు, అడ్డంగా ఆరు. నేల నుంచి కప్పుదాకా రవికె గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్సులు. ఎరుపులే అరవై రకాలుండేవి. ఆ దుకాణంలో ఒకటే చట్టం, ట్యూబ్‌లైటు కింద ఏ రంగూ ఖాయం చేయకూడదు. చీరనూ గుడ్డనూ పట్టుకుని మెట్టు దిగి ఎండలోకి రావాల్సిందే. మబ్బు పట్టిన రోజున "ఇయాల మ్యాచింగ్ లేదమ్మా, రేపు రండ్రి" అని వచ్చిన బేరాన్ని రాజేశం వెనక్కి పంపేసేవాడు. పక్క షాపులవాళ్లు నవ్వుకునేవారు. ఆయనకు ఆ నవ్వు వినపడేది కాదు.

రాగిణికి తొమ్మిదేళ్లప్పుడు ప్రభావతి టీచర్ రవికె గుడ్డ కోసం వచ్చి, చీర ఇంట్లోనే మర్చిపోయానని నాలుక్కరుచుకుంది. ఆమె వెళ్లిపోబోతుంటే రాగిణి స్టూలెక్కి వంగపండు రంగుల కట్టలోంచి ఒక గుడ్డ లాగింది. "మొన్న శుక్రారం మీరు కట్టుకున్నది గిదే కదా టీచర్?" అంది. టీచర్ పిల్ల ముచ్చట తీర్చడానికే దాన్ని కొంది. మర్నాడు చీర తెచ్చి మెట్టు మీద ఆ గుడ్డ పక్కన పరిచి చూస్తే ఏది చీరో ఏది రవికో తేలలేదు. అప్పటి నుంచి కష్టమైన రంగు వస్తే రాజేశం తను చూడడమే మానేశాడు. "జర కూసోండ్రి, మా బిడ్డ బడి నుంచి వస్తది" అనేవాడు. పెద్దపెద్ద ఆడవాళ్లు గౌను పిల్ల కోసం బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవారు. చిన్నతనంలోనే అంత పేరు వస్తే దాన్ని కాపాడుకోవడంతోనే సగం జీవితం గడిచిపోతుంది. రాగిణి విషయంలో అదే జరిగింది.

పెద్దయ్యాక టెక్స్‌టైల్ డిజైన్ చదివింది. చేనేత సంఘం ఒకదానిలో ఉద్యోగంలో చేరి, మొదటి వారంలోనే చిట్కీ కట్టడం చూసింది. దారాన్ని సాగదీసి, గ్రాఫ్ కాగితం మీది గళ్ల లెక్కన అక్కడక్కడా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. గుడ్డ ఇంకా పుట్టనే లేదు, దాని మీది పువ్వు అప్పటికే దారంలో ఉంటుంది. రాగిణి ఆ రోజు మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయి అక్కడే నిలబడింది. నాకు కావాల్సింది ఇదే అని ఆమెకు అంత తేటగా మరెప్పుడూ అనిపించలేదట, పెళ్లిచూపుల్లో ఉమాకాంత్‌ను చూసినప్పుడు కూడా. ఈ మాట ఆమె ఉమాకాంత్ ముందే అంటుంది, ఆయన నవ్వుతాడు.

ఉప్పలయ్య ఆ సంఘంలోని నేతగాడు. రాగిణి కంటే పద్నాలుగేళ్లు పెద్ద. మొదట్లో ఆమెను లెక్కచేయలేదు. "కాయితం మీద గీసుడు ఎవరికైన అయితది, గిన్నెల ముంచి చూడు" అనేవాడు. ఒకసారి గంధం రంగు కోసం రాగిణి ఆయన చేత ఎనిమిదిసార్లు అద్దించింది. ఎనిమిదో చిలప చూసి ఇదీ అంది. ఏడోదానికీ దీనికీ తేడా ఏముందని ఆయన మండిపడ్డాడు. ఆమె రెండూ పట్టుకుని ఆయన్ను ఎండలోకి లాక్కెళ్లింది. ఉప్పలయ్య చాలాసేపు చూసి, వెళ్లి ఏడో చిలపను పొయ్యిలో పారేశాడు.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. రాగిణి సంఘం ఉద్యోగం మానేసి, అశోక్‌నగర్‌లో ఇంటి మేడ మీద సొంతంగా పని పెట్టుకున్నాక కూడా అదే పద్ధతి. ఆమె గ్రాఫ్ గీసి, కావాల్సిన రంగు దారపు ముక్క దానికి కుట్టి పంపుతుంది. ఆయన మూడు చిలపలు అద్ది పంపుతాడు. ఆమె పొద్దుటి ఎండలో చూసి, కుదిరిన చిలపకు ఒక ముడి వేస్తుంది. ముడి పడిందంటే అంతే. ఉప్పలయ్య దాన్ని మళ్లీ తేరిపార చూడడు, ఎవరినీ అడగడు. ఇరవైరెండేళ్లలో ఆ ముడి ఒక్కసారీ తప్పలేదని ఆయన నమ్మకం.

మూడేళ్ల క్రితం ముడి వేసే వేళ్లే మొండికేశాయి. దానికి ముందే కీళ్లవాతం వచ్చి ఏళ్ల తరబడి మాత్రలు మింగుతోంది. ఆ మాత్రలు రాసిన డాక్టరు మొదట్లోనే ఒక మాట చెప్పాడు. ఈ మందు కొందరికి కంటి వెనక పొర మీద పనిచేస్తుంది, ఏటా పరీక్ష చేయించుకోవాలి, రంగుల్లో ఏ తేడా అనిపించినా వెంటనే రావాలి. మొదటి అయిదేళ్లు బుద్ధిగా చేయించుకుంది. తర్వాత గ్రాఫ్ గీతలు కంప్యూటర్ మీదికి మార్చుకుంది, వేళ్లు ఎలాగూ సహకరించడం లేదు, ఇక మిగిలింది కళ్లే కదా అనుకుంది. అనుకున్నాక పరీక్షకు వెళ్లడమంటే భయం పట్టుకుంది. ఏదైనా అయిందని వాళ్లు చెబితే? చెప్పనంతకాలం ఏమీ కానట్టే కదా. చదువుకున్న మనిషి ఇలా ఆలోచిస్తుందా అనకండి. పరీక్ష చీటీ బీరువాలో పట్టుచీరల కిందికి వెళ్లి రెండేళ్లయింది.

తొలిదెబ్బ కూతురి చున్నీతో తగిలింది. తన్మయి కాలేజీకి బయల్దేరుతోంది. "ఆ ఎర్ర చున్నీ నీకు మస్తు నప్పింది" అంది రాగిణి.

తన్మయి తనను తాను చూసుకుని పకపకా నవ్వింది. "అమ్మా, ఇది గ్రీన్. నీ జోకులు నువ్వు."

రాగిణి కూడా నవ్వింది. కూతురు మెట్లు దిగేదాకా నవ్వుతూనే ఉండి, తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. దండెం మీద నుంచి బట్టలు ఒక్కొక్కటే తీసి ఇది ఏ రంగు, ఇది ఏ రంగు అని తనను తానే ప్రశ్నించుకుంది. నీలం తెలుస్తోంది. పసుపు కొంచెం వెలిసినట్టుంది. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం దగ్గరదగ్గరగా వచ్చి ఒకే మట్టిరంగులో కలిసిపోతున్నాయి. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇక అక్కడి నుంచి దొంగతనం మొదలైంది. దారాల పెట్టెలో ఇరవై ఏళ్లుగా పేరు రాయని ముక్కలకు చీటీలు అంటించింది. "నీ వయసోళ్లకు ఈ రంగు ఏమనిపిస్తదో చెప్పు, సర్వే చేస్తున్న" అని తన్మయిని అడిగి, ఆ పిల్ల చెప్పింది చీటీ మీద రాసుకునేది. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పైన వెలిగిందా కింద వెలిగిందా చూసి రోడ్డు దాటేది. పక్కనే కంటి ఆసుపత్రి బోర్డు వస్తే తల అటు తిప్పకుండా నడిచేది. ఇంట్లో అన్నం పెడుతూ ఆకుకూర పచ్చగా ఉందో మాడిందో వాసనను బట్టి తెలుసుకునేది. అన్నిటికంటే కష్టం, ఉప్పలయ్య చిలపలు వచ్చిన పొద్దుట మేడ మీదికి ఎక్కడం. మూడింటినీ పరిచి, చాలాసేపు కూర్చుని, ఏదో ఒకదానికి ముడి వేసేది.

వింత ఏమిటంటే ఎవరూ ఏమీ అనలేదు. చింతాకు పచ్చ కావాల్సిన చీరలు ఇటుక రంగులో వచ్చినా హైదర్‌గూడ షాపువాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టి అద్దాల్లో వేలాడదీశారు. అవి అమ్ముడుపోయాయి కూడా. రాగిణికి సంబరం లేకపోగా భయం రెట్టింపైంది. తప్పు ఎక్కడ ఎప్పుడు జరుగుతోందో ఆమెకు తెలిసే దారి లేదు. అంత జరుగుతున్నా, బహుశా నాది ఉత్త అనుమానమేమో, అలసటేమో, కొత్త రంగు డబ్బాల నాణ్యత బాగా లేదేమో అని ఒక మూల ఆశ మాత్రం చావలేదు.

ఆ ఆశతోనే మర్నాడు నారాయణగూడ మెట్రో మెట్ల కింద ఉప్పలయ్య కోసం నిలబడింది. ముసలాయన కళ్లలో నిజంగానే ఏదో తేలితే? తేలాలని కోరుకుంటున్నానా అని తనను తాను నిలదీసుకుని సిగ్గుపడింది. కానీ కోరుకోవడం మానలేదు.

ఉప్పలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గుడ్డసంచీతో దిగాడు. పెళ్లికి వచ్చినట్టు తయారై వచ్చాడు గానీ ముఖంలో నెత్తురు లేదు.

"ఆపరేషన్ అంటరా చెల్లె?"

"ముందు చూడనీ అన్నా. పరేషాన్ కాకు."

ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చున్నారు. ఉప్పలయ్య ఎదుటి గోడమీది పోస్టర్లు చూస్తూ ఆగి ఆగి అడిగాడు, అది నీలమే కదా, అది పసుపే కదా అని. రాగిణి ప్రతిదానికీ అవునంది. ఒకదానికి మాత్రం ఏమనాలో తెలియక మంచినీళ్ల కోసం లేచి వెళ్లింది.

చివరికి లోపలికి పిలిచారు. ప్రేమ అనే టెక్నీషియన్ అమ్మాయి ఉప్పలయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్యలో అంకె. రాగిణి కుర్చీ వెనక నిలబడింది.

"ఏ నంబర్ కనిపిస్తుంది పెద్దాయనా?"

"పన్నెండు."

పన్నెండే. రాగిణికీ కనిపించింది. ఊపిరి పీల్చుకుంది. ప్రేమ పేజీ తిప్పింది.

"ఎనిమిది" అన్నాడు ఉప్పలయ్య.

కాదు. అది మూడు. రాగిణికి స్పష్టంగా మూడు కనిపిస్తోంది. పాపం, నిజంగానే పోయాయి అనుకుంది. జాలితోపాటు ఒళ్లంతా తేలికైంది. ఏడాదిన్నరగా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తినట్టయింది. నా కళ్లు బాగున్నాయి, దేవుడా, నా కళ్లు బాగానే ఉన్నాయి.

"కరెక్ట్" అని ప్రేమ పేజీ తిప్పింది.

రాగిణి కుర్చీ వీపు పట్టుకుంది.

"ఇరవై తొమ్మిది."

"కరెక్ట్."

డెబ్భై కదా అది. తర్వాతది యాభై ఏడు అన్నాడు, ముప్పై అయిదు కదా. తర్వాత పేజీలో అయితే రాగిణికి చుక్కలు తప్ప ఏమీ లేదు. "ఆరు" అన్నాడు ఉప్పలయ్య తడుముకోకుండా. కరెక్ట్, కరెక్ట్ అని ఆ అమ్మాయి అంటూనే ఉంది. ఒక్కో కరెక్టుకూ రాగిణి కాళ్ల కింద నేల కొంచెం కొంచెంగా జారుతోంది. గోడ, కుర్చీ, ప్రేమ వేసుకున్న చుడీదార్, అన్నీ ఒకే మట్టిరంగు.

డాక్టర్ వేదవతి వచ్చి లైటు వేసి చూసి, కాగితాలు చూసి నవ్వింది. "మీ కండ్లకు ఏం కాలేదు. ఈ వయసుల ఇంత మంచిగ రంగులు చెప్పేటోళ్లను నేను చూడలే."

ఉప్పలయ్య నవ్వలేదు. కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు. "తప్పనుకోకుండ్రి డాక్టరమ్మా, మీ పుస్తకం తప్పు. మళ్లొకసారి చూడుండ్రి. ఈమె ముడేసిన రంగు నాకు వేరే కనబడుతున్నది. మూడుసార్లు. ఈమెది తప్పయ్యే ముచ్చటనే లేదు, ఇరవైరెండేండ్ల సంది ఎరుగుదు. నా కండ్లే పోయినయి. ఊకె మంచిగున్నయి మంచిగున్నయి అంటె నేను ఇంటికి పోయి గిన్నె ముంగట ఎట్ల కూసోవాలె?"

డాక్టరు రాగిణి వంక చూసింది. ఉప్పలయ్య కూడా చూశాడు, జర నువ్వు చెప్పు చెల్లె అన్నట్టు.

ఊరుకుంటే సరిపోతుంది. ఇంకో చోట చూపిద్దాం పద అన్నా అంటే ఆయన మారు మాట్లాడకుండా వెంట వస్తాడు. సోమవారం గిన్నెలు అల్లుడికి ఇచ్చేస్తాడు. నలభై ఏళ్లు రంగులో చేతులు పెట్టిన మనిషి, దోషం లేని కళ్లతో, వాకిట్లో మంచం మీద కూర్చుంటాడు. ఆమె పేరు ఎప్పటిలాగే ఉంటుంది. ఇదంతా రాగిణికి ఒక్క క్షణంలో కనిపించింది, కనిపించి తన మీద తనకే భయం వేసింది.

"డాక్టర్‌గారూ" అంది. "రెండో పేజీల నాకు మూడు కనబడింది."

ప్రేమ పుస్తకం మూయబోతూ ఆగిపోయింది.

"కీళ్లనొప్పులకు మాత్రలు మింగుతున్న. ఏడేండ్లయితుంది. రెండేండ్ల సంది చెకప్‌కు రాలేదు." ఉప్పలయ్య వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చూసింది ఇటుక రంగే. నాకే తెల్వలే."

మొదట ఉప్పలయ్య ముఖం వెలిగిపోయింది. ఆ సంగతి దాచడం తగదు. "నా కండ్లు మంచిగనే ఉన్నయా?" అన్నాడు, "మంచిగనే ఉన్నయా చెల్లె?" అని మళ్లీ అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ తర్వాత ఆమె ఏమందో ఆయనకు అర్థమైంది. నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. సంచీ కింద పెట్టాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఏడాదిన్నర."

"ఏడాదిన్నర" అన్నాడు ఆయన. ముఖంలోకి కోపం వచ్చింది. "ఎనిమిది నెల్ల సంది నేను అన్నం సక్కగ తింటలేను చెల్లె. కండ్లు పోతున్నయని పొద్దున లేచి నా మనుమరాలి ముఖం చూసి మనసుల దాసుకుంటున్న. ఒక్క మాట చెప్తె ఏమైతుండె?"

"భయమైంది" అంది రాగిణి. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. "మస్తు భయమైంది అన్నా. ఇప్పుడు గూడ అయితుంది."

డాక్టరు కుర్చీ చూపించింది. "ముందు మీరు కూసోండ్రి. ఆ మాత్రలు ఇయాల్టి నుంచే ఆపాల్నా ఏంది అనేది మీ డాక్టర్‌తోటి మాట్లాడుత. ఎంతవరకు పోయిందో, ఎంత మిగిలిందో చూద్దాం. పోయింది తిరిగొస్తదని మాత్రం నేను మాట ఇయ్యలేను."

రాగిణి కూర్చుంది. కుర్చీ ఇంకా ఉప్పలయ్య ఒంటి వెచ్చదనంతోనే ఉంది. ఇప్పుడు ఆయన వెనక నిలబడ్డాడు. ప్రేమ పుస్తకాన్ని మొదటికి తిప్పింది. పన్నెండు. తర్వాత మూడు. తర్వాత డెబ్భై. ఈసారి ఆ అమ్మాయి కరెక్ట్ అనడం లేదు, కాగితం మీద రాసుకుంటూ పోతోంది. కొన్ని పేజీల తర్వాత ఉత్త చుక్కలే మిగిలాయి. రాగిణి కళ్లు చికిలించింది, ముందుకు వంగింది. పేజీ మీద ఎక్కడా ఏమీ లేదు.

వెనక నుంచి చెవి దగ్గరగా, బళ్లో పక్కపిల్లవాడికి జవాబు అందించేవాడిలా ఉప్పలయ్య గుసగుసగా అన్నాడు. "తొంభై ఏడు చెల్లె. తొంభై ఏడు అను."

"పెద్దాయనా, మీరు చెప్పొద్దు" అని ప్రేమ కసిరింది.

ఆయన వినలేదు. "తొంభై ఏడు బిడ్డా" అన్నాడు మళ్లీ, ఈసారి ఏడుస్తూ.

రాగిణి తల తిప్పకుండా చేయి వెనక్కి చాచి ఆయన చేతిని పట్టుకుంది. "చెప్పకు అన్నా" అంది. తర్వాత పుస్తకం వైపు చూస్తూ, గదిలో అందరికీ వినపడేలా చెప్పింది.

"నాకు ఏమీ కనబడ్తలేదు."